కొండ దారికి తిండి మూట



వానలు వెనకబడి చలిగాలి మొదలయ్యేసరికి మన సరిహద్దు ఊళ్ళలో కొండలెక్కే ముచ్చట్లు మొదలవుతాయి. పర్లాకిమిడి, బరంపురం వైపు వాళ్ళు మహేంద్రగిరికి బయలుదేరతారు. కోలారు, చిక్కబళ్ళాపురం వాళ్ళకు నందికొండ ఉంది. బళ్ళారి, రాయచూరు జిల్లాల వాళ్ళు ఉగాదికి ముందు నల్లమల అడవి దాటి కాలినడకన శ్రీశైలం చేరతారు. తమిళనాడులో ఉన్న మనవాళ్ళు ఎంతోమంది తిరుమల మెట్లెక్కి మొక్కు తీర్చుకుంటారు. కొందరిది భక్తి, కొందరిది సరదా. కాళ్ళకు మాత్రం రెండూ ఒకటే.

ప్రయాణం అనుకోగానే చెప్పుల గురించి మాట్లాడుకుంటాం. దుప్పట్ల గురించి, బస్సు వేళల గురించి మాట్లాడుకుంటాం. తిండి మాటకొచ్చేసరికి "ఏదో ఒకటి కట్టుకుపోదాంలే" అంటాం. ఆ ఏదో ఒకటి ఏమిటన్నదే ఈవేళ్టి మన విషయం. ఇది రుచికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. మనిషి క్షేమంగా కొండ దిగి రావడానికి సంబంధించిన సంగతి. ఇది నేను తెలుసుకున్నది నా తప్పు వల్లనే. ముందు ఆ తప్పేమిటో చెప్పుకుంటాను.

నేను బడిపంతులుగా పనిచేసిన రోజుల్లో ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని పద్దెనిమిది మందిని వెంటబెట్టుకుని మహేంద్రగిరికి వెళ్ళాను. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉందా కొండ. ఎత్తు 1,501 మీటర్లు. పైన భీముడి పేర, కుంతి పేర, ధర్మరాజు పేర పాతకాలపు రాతి గుళ్ళున్నాయి. మహేంద్రతనయ పుట్టేది ఆ కొండల్లోనే. పైదాకా బండ్లు వెళ్ళే దారి ఉన్నా, పిల్లలకు నడక అలవాటు కావాలని కింది నుంచే నడిపించాను.

తెల్లవారుజామున బయలుదేరాలి కనక రాత్రే పెద్ద గుండిగలో అన్నం వండించి మూతపెట్టి ఉంచాం. నాలుగు గంటలకు లేచి అందులో పెరుగు కలిపి, పోపు పెట్టి, స్టీలు క్యారేజీల్లో సర్దాం. దద్దోజనం చలువ చేస్తుంది, అందరికీ ఇష్టం, ఇంతకంటే మంచిది ఏముంటుంది అనుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు పైన గుళ్ళ దగ్గర క్యారేజీలు విప్పాం. వాసన బాగానే ఉంది. కొంచెం పులిసిందేమో గాని, దద్దోజనం పులిస్తే తప్పేముంది? పిల్లలు ఆకలి మీద ఉన్నారు, తిన్నారు.

మూడు గంటలయ్యేసరికి ఒకడు కడుపు పట్టుకుని కూర్చున్నాడు. తరవాత ఇంకొకడు. దిగే దారిలో మొత్తం అయిదుగురికి వాంతులు. అందులో ఒక కుర్రాడికి పిక్కలు పట్టేసి నిలబడలేకపోయాడు. చుట్టూ అడవి. పొద్దు వాలుతోంది. మా దగ్గర మిగిలినవి రెండు సీసాల నీళ్ళు. వాడికి నీళ్ళు పట్టిస్తే అవీ కక్కేస్తున్నాడు.

అప్పుడొక అమ్మాయి తన సంచి విప్పి, "మాస్టారూ, మా మామ్మ ఇచ్చిన మూట ఉందండి. అన్నం ఉందని విప్పలేదు" అంది. పాత చీర ముక్కలో నాలుగు చిన్న పొట్లాలు. ఒకదానిలో అటుకులు, ఒకదానిలో వేయించిన సెనగల పిండి, ఒకదానిలో బెల్లం, చిన్న కాగితం పొట్లంలో ఉప్పు. నీళ్ళలో కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి ఆ కుర్రాడికి చెంచాతో కొంచెం కొంచెంగా పోశాం. అరగంటకు కడుపులో నిలిచింది. మిగతా పిల్లలకు అటుకులూ బెల్లం పిడికెడు చొప్పున పంచాం. చీకటి పడే వేళకు వాణ్ణి వీపు మీద వేసుకుని కిందికి దిగాం. రెండు రోజుల్లో అందరూ తేరుకున్నారు. ఆ రెండు రోజులూ నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

తరవాత ఆ మామ్మగారిని చూడడానికి వెళితే ఆవిడ ఒకే మాట అంది. "అన్నం ఇంట్లో తినేది బాబూ. దారిలో తినేది వేరు."

ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో నాకు తరవాత తెలిసింది.

మన అన్నంలో మూడింట రెండు వంతులు నీరే. పెరుగన్నంలో ఇంకా ఎక్కువ. నీరున్నచోటే క్రిములు పెరుగుతాయి. బియ్యంలో సహజంగానే ఒక రకం క్రిమి బీజాలుంటాయి. దాని పేరు బాసిల్లస్ సీరియస్. అన్నం ఉడికేటప్పుడు మిగతా క్రిములు చస్తాయి గాని ఈ బీజాలు చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి గుండిగలో ఉంటే అవి మేలుకుని పెరుగుతాయి, విషం తయారు చేస్తాయి. ఆ విషానికి వాసన లేదు, రుచి లేదు. మళ్ళీ వేడిచేసినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. మా పిల్లల్ని చూసిన డాక్టరుగారు జరిగింది ఇదే అయి ఉంటుందన్నారు. పాడయింది మేము కొండ మీద క్యారేజీ విప్పినప్పుడు కాదు. రాత్రి గుండిగ మీద మూత పెట్టినప్పుడే.

ఇక్కడ మీలో కొందరికి సందేహం రావచ్చు. "తాతముత్తాతల నుంచి చద్దన్నం తింటున్నాం కదా, ఒడియావాళ్ళు పఖాళ తింటున్నారు కదా, వాళ్ళకేం కాలేదే?" అని. చద్దన్నంలో చల్లారిన అన్నాన్ని నీళ్ళలోనో మజ్జిగలోనో ముంచి ఉంచుతారు. అది రాత్రంతా పులుస్తుంది. ఆ పులుపు చెడ్డ క్రిముల్ని కొంతవరకు అదుపులో పెడుతుంది. పైగా దాన్ని పొద్దున్నే నీడపట్టున తినేస్తారు. వేడి అన్నాన్ని గుండిగలో కుక్కి రాత్రంతా ఉంచి, ఇంకో ఎనిమిది గంటలు వీపు మీద ఎండలో మోసి తినడం చద్దన్నం కాదు. రెండింటికీ పోలిక పెట్టుకోకూడదు.

ఇక బరువు సంగతి చూద్దాం. అర కిలో దద్దోజనం మోస్తే దాని నుంచి మనకు వచ్చే శక్తి సుమారు 600 కాలరీలు. అదే అర కిలో బరువులో పావు కిలో అటుకులు, నూట పాతిక గ్రాముల వేరుసెనగ పప్పు, నూట పాతిక గ్రాముల బెల్లం మోస్తే సుమారు 2,000 కాలరీలు వస్తాయి. మోత ఒకటే, శక్తి మూడు రెట్లకు పైన. కారణం తేలికే. దద్దోజనంలో మనం మోస్తున్నది చాలా మటుకు నీళ్ళు. అందుచేత కొండ నడకకు తిండి ఎంచుకునేటప్పుడు ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. నీటిని సీసాలో మొయ్యాలి గాని అన్నంలో కాదు. సీసాలో నీరు పాడవదు, అన్నంలో నీరు అన్నాన్ని పాడుచేస్తుంది.

అంటే అన్నం అసలు కట్టుకోకూడదా? కట్టుకోవచ్చు, మొదటి పూటకు మాత్రమే. బయలుదేరిన నాలుగైదు గంటల లోపల తినేసేటట్టయితే పులిహోర మేలు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె కలిసి క్రిముల పెరుగుదలను ఆలస్యం చేస్తాయి. అయితే ఆలస్యం చేస్తాయే గాని ఆపవు. పులిహోరకు అన్నం తెల్లవారుజామున వండుకోవాలి. వండగానే వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి త్వరగా ఆరబెట్టాలి. పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి చెమటగా పట్టి, ఆ చెమట తిరిగి అన్నంలోకే దిగుతుంది. ఉల్లిపాయ, కొబ్బరి, కూర ముక్కలు అందులో వెయ్యకండి. అవి ముందు చెడతాయి. తమిళనాడు తెలుగువారి ఇళ్ళలో ప్రయాణానికి ఇడ్లీలకు నువ్వులనూనె, కారప్పొడి పట్టించి కడతారు. అదీ మొదటి పూట తిండే. కొబ్బరి చట్నీ మాత్రం ఇంట్లోనే వదిలెయ్యాలి.

రెండో పూట నుంచి అంతా పొడి తిండే ఉండాలి. ఈ విషయంలో మన సరిహద్దు తెలుగువాళ్ళం అదృష్టవంతులం. మన వంటింటి సరుకు మనకుంది, పక్కింటివాళ్ళ సరుకూ మనకు అలవాటయింది. అవేమిటో ఒకసారి వరస పెట్టుకుందాం.

ఉత్తర కర్ణాటక వైపు వాళ్ళకు ఎండు జొన్న రొట్టె ఉంది. పలచగా తట్టి, కాల్చి, కరకరలాడేటట్టు ఆరబెట్టిన రొట్టె తడి తగలకపోతే చాలా రోజులు నిలుస్తుంది. దానికి తోడు వేరుసెనగ కారప్పొడి. నల్లమల నడకకు ఇంతకు మించిన తిండి లేదు. కోలారు, హోసూరు వైపు రాగులు పేలాలుగా వేయించి విసిరిన పిండి ఉంటుంది. కన్నడంలో హురిహిట్టు అంటారు. అందులో బెల్లం పొడి కలిపి డబ్బాలో పోసుకుంటే, నీళ్ళు పోసి కలుపుకున్న క్షణంలో ఫలహారం తయారు. పొయ్యి అక్కర్లేదు. రాగి సంగటి మాత్రం అన్నంలాంటిదే, అది ఇంట్లో తినవలసిందే.

ఒడిశాలో మనవాళ్ళకు మరమరాలు, అటుకులు, సత్తుపిండి అరచేతిలోని వస్తువులు. మరమరాల్ని రాయలసీమవాళ్ళు బొరుగులంటారు, ఒడియావాళ్ళు ముఢీ అంటారు. పేరేదైనా అవి తేలికే గాని చోటు ఎక్కువ ఆక్రమిస్తాయి. సంచి చిన్నదైతే అటుకులే మంచివి. మహారాష్ట్ర వైపు స్థిరపడిన మనవాళ్ళు దశమి ఎరుగుదురు. నీళ్ళకు బదులు పాలతో పిండి కలిపి కాల్చిన రొట్టె అది. ప్రయాణం రొట్టెగా దానికి పేరు. మామూలు రొట్టెకన్నా మెత్తగా ఉంటుంది. మొదటి రోజుకు సరిపోతుంది. యానాం వాళ్ళకు పక్కనే గోదావరి సీమ మామిడి తాండ్ర ఉంది. తాండ్ర అంటే నీరు పోయిన మామిడిపండే. చిన్న ముక్క బుగ్గన పెట్టుకుంటే అరగంట నడక సాగుతుంది. పూతరేకులు మాత్రం ఇంట్లో ఉంచండి. కొండ దిగేసరికి అవి పొడిగానే మిగులుతాయి.

వీటికి తోడు ఎక్కడివాళ్ళకైనా దొరికేవి వేరుసెనగ ఉండలు, నువ్వుండలు, సున్నుండలు, అరిసెలు, జంతికలు, ఉప్పు సెనగలు, ఖర్జూరం. వేరుసెనగ, నువ్వులు, నెయ్యి ఉన్న వాటిని తప్పకుండా పెట్టుకోవాలి. పిండి పదార్థం గ్రాముకు 4 కాలరీలిస్తే కొవ్వు 9 ఇస్తుంది. అందుకే పిడికెడు వేరుసెనగ పప్పు దోసెడు మరమరాల కంటే ఎక్కువ దూరం నడిపిస్తుంది. అయితే కొవ్వు నిదానంగా అరుగుతుంది. ఎక్కుతూ ఉన్నప్పుడు వెంటనే శక్తినిచ్చేవి బెల్లం, ఖర్జూరం, తాండ్ర. రెండు రకాలూ కలిసి ఉండాలి. మన పెద్దలు వేరుసెనగనూ బెల్లాన్నీ ఒకే ఉండ చేసింది రుచికోసమే అనుకుంటాం గాని, నడిచేవాడికి అంతకన్నా మంచి జోడీ దొరకదు.

పండ్లు బరువు. నారింజ, జామ తలా ఒకటి చాలు, అదీ మొదటి సగం దారికి. అరటిపండు సంచి అడుగున పడితే పండు మిగలదు, సంచీ మిగలదు. దాన్ని డబ్బాలో పెట్టుకోండి, లేదా బయలుదేరే ముందే తినెయ్యండి.

ఎంత తీసుకెళ్ళాలి? పెద్దవాళ్ళకు ఒక పగటి నడకకు, ఇంట్లో ఫలహారం చేసి బయలుదేరితే, మొదటి పూట పులిహోర గాక మరో 250 నుంచి 300 గ్రాముల పొడి తిండి సరిపోతుంది. రెండు రోజుల నడకైతే రోజుకు 600 గ్రాముల లెక్కన చూసుకోండి. పదేళ్ళు దాటిన పిల్లలు పెద్దవాళ్ళంత తింటారని అనుకోండి, తప్పులేదు. వాళ్ళ వీపు మీద మాత్రం పెద్దవాళ్ళంత బరువు పెట్టకండి. తిండి, నీళ్ళు, బట్టలు అన్నీ కలిపి పిల్లవాడి బరువులో పదో వంతు దాటకుండా ఉంటే మంచిది.

ఇవి గాక ఒక్కొక్కరి దగ్గర ఒక చిన్న పొట్లం విడిగా ఉండాలి. వంద గ్రాముల అటుకులో, నాలుగు వేరుసెనగ ఉండలో, కాస్త బెల్లం, కాస్త ఉప్పు. ఇది ఇంటికి తిరిగి వచ్చేదాకా విప్పకూడని పొట్లం. దారి తప్పినా, వాన పట్టుకున్నా, ఎవరికైనా కాలు మడతపడినా అప్పుడు విప్పాలి. ఏమీ జరగకపోతే ఇంటికొచ్చి పక్షులకు పోసుకోవచ్చు. ఆనాడు మమ్మల్ని కాపాడింది ఆ అమ్మాయి విప్పని మూటే.

ఇప్పుడు సర్దడం. తిండినంతా ఒకే సంచిలో వేసి బలమైన మనిషికి అప్పగించడం మనకు అలవాటు. అది మానాలి. ఆ మనిషి ముందు వెళ్ళిపోయినా, వెనకబడినా మిగిలినవాళ్ళు పస్తే. ఎవరి తిండి వాళ్ళ దగ్గర ఉండాలి. పూటకొక పొట్లం చొప్పున ముందే విడదీసి కట్టుకోండి. పెద్ద డబ్బా పదిసార్లు తెరిస్తే పదిసార్లు తడి గాలి చొరబడుతుంది, పది చేతులు పడతాయి. పొట్లాలైతే ఒకటి విప్పినా మిగతావి భద్రం.

కట్టడానికి పలచటి పాత నూలు బట్ట మంచిది. మా వైపు అడ్డాకులు దొరుకుతాయి. తెలంగాణ, మహారాష్ట్ర వైపు మోదుగాకులు ఉంటాయి. పులిహోరకు సెగ మీద వాడ్చిన అరిటాకు చాలు. అటుకులు, పిండి, బెల్లం లాంటివి వాన తగిలితే ముద్దవుతాయి కనక బిగుతు మూతగల డబ్బాలో పెట్టుకోవాలి. బెల్లాన్ని ఇంటి దగ్గరే చిన్న ముక్కలుగా కొట్టుకోండి. కొండ మీద రాయి వెతుక్కునే పని ఉండదు. ఊరగాయ నూనె కారకుండా ఉండాలంటే ముక్క మాత్రమే తీసుకుని చిన్న డబ్బాలో పెట్టుకోండి, లేదా కారప్పొడితో సరిపెట్టుకోండి. సంచిలో బరువైనవి వీపుకు దగ్గరగా, మధ్యలో ఉండాలి. నడుస్తూ తినే పల్లీలు, బెల్లం ముక్కలు పై జేబులో ఉండాలి. సంచి దించి వెతుక్కోవాలంటే బద్ధకించి తినడం మానేస్తాం. విప్పకూడని పొట్లం అన్నిటికన్నా అడుగున ఉండాలి.

తినే పద్ధతి కూడా ఇంటి పద్ధతి కాదు. పొట్టనిండా తిని ఎక్కడం మొదలుపెడితే కాళ్ళు ముందుకు రావు. గంటకొకసారి అయిదు నిమిషాలు ఆగి పిడికెడు తినండి. ఆకలితో కళ్ళు తిరిగేదాకా ఆగవద్దు. పిల్లలు ఆటలో పడి ఆకలి చెప్పరు. వాళ్ళకు మనమే గుర్తు చెయ్యాలి.

నీళ్ళ సంగతి. ఎండలో ఎక్కేటప్పుడు గంటకు సుమారు అర లీటరు నీళ్ళు కావాలి. అయిదు గంటల నడకంటే రెండున్నర లీటర్లు, అంటే రెండున్నర కిలోల బరువు. తిండి బరువు తగ్గించుకోమని ఇంతగా చెబుతున్నది అందుకే. ఆ తగ్గిన చోట నీళ్ళు పెట్టుకోవాలి. దారిలో ఊట, సెలయేరు ఉన్నా చూపుకు తేటగా ఉన్నంత మాత్రాన తాగవద్దు. పైన పశువులు మేస్తూ ఉండవచ్చు. కాచి చల్లార్చిన నీళ్ళు తాగాలి, లేదా మందుల షాపులో దొరికే క్లోరిన్ బిళ్ళ వేసి, దాని మీద రాసి ఉన్నంతసేపు ఆగి తాగాలి.

చెమటతో నీరొక్కటే కాదు, ఉప్పు కూడా పోతుంది. గంటల తరబడి చెమట పట్టిన మనిషి ఉత్త నీళ్ళే అదేపనిగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. తలనొప్పి, వికారం, తికమక వస్తాయి. చూసేవాళ్ళు నీళ్ళు చాలలేదనుకుని ఇంకా తాగిస్తారు, అది ఇంకా చెరుపు. అందుచేత నీళ్ళతోపాటు ఉప్పు సెనగలో, జంతికలో, ఎండు ఉసిరి ముక్కో, ఉప్పు వేసిన మజ్జిగో లోపలికి పోవాలి. మజ్జిగ మొదటి రెండు మూడు గంటలకే సుమా. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు కొలత మించకూడదు. ఇంతకన్నా నమ్మకమైనది మందుల షాపులో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం. గుంపుకు నాలుగు పొట్లాలైనా సంచిలో ఉండాలి. వాటి ఖరీదు తక్కువ, బరువు అంతకన్నా తక్కువ.

చక్కెర వ్యాధికి మందులు వాడేవాళ్ళు నడకలో పూట తప్పకూడదు. నడక వల్ల రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. పంచదారో గ్లూకోజో జేబులోనే ఉంచుకోవాలి, పక్కవాళ్ళకు ఆ సంగతి చెప్పి ఉంచాలి. రక్తపోటు ఉన్నవాళ్ళు ఉప్పు తిండి విషయం ముందే డాక్టరుగారిని అడిగి తెలుసుకోవాలి. మహాశివరాత్రికి ఉపవాసంతో మహేంద్రగిరి ఎక్కేవాళ్ళున్నారు. భక్తిని కాదనను. కాని నిర్జల ఉపవాసంతో కొండ ఎక్కవద్దు. ఖర్జూరం, వేరుసెనగ, బెల్లం పానకం ఫలహారమే అవుతాయి. మీ ఇంటి ఆచారం చూసుకుని వాటిలో ఒప్పుకున్నవి వెంట ఉంచుకోండి.

ఇంకొక సంగతి. కొండ మీదికి వెళ్ళే కొద్దీ వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. పర్లాకిమిడి ఊళ్ళో ఉన్న వేడికీ మహేంద్రగిరి శిఖరం మీది చల్లదనానికీ ఎనిమిది డిగ్రీలపైన తేడా ఉంటుంది. చెమటతో తడిసిన చొక్కాకు పైన గాలి తగిలితే వణుకు పుడుతుంది. అప్పుడు ఒంటికి వేడినిచ్చేది తిండే. ఫ్లాస్కులో శొంఠి వేసిన బెల్లం కాఫీయో, వేడి నీళ్ళో ఉంటే ఎంతో హాయి.

పైన పొయ్యి పెట్టి వండుకుందామని మాత్రం అనుకోకండి. శ్రీశైలం నడక దారినే చూడండి. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా సాగే ఆ దారి పులులుండే అభయారణ్యంలో ఉంది. ఉగాది నాటికి ఆకులన్నీ రాలి, ఎండి ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. పండుగ రోజుల్లో దారి పొడుగునా అన్నదానాలు చేసే పుణ్యాత్ములు ఉంటారు. కాని వాటి మధ్య దూరం మన ఆకలిని బట్టి ఉండదు. ఎండు రొట్టె, కారప్పొడి, బెల్లం సంచిలో ఉంటే ఏ చెట్టు నీడనైనా మన విడిదే.

కోతుల్ని చూసి ముచ్చటపడి తిండి వెయ్యకండి. ఈవేళ మీరు వేస్తే రేపు వెనక వచ్చే ముసలమ్మ చేతిలో మూట లాక్కుంటాయి. ఆకులు తప్ప మనం తీసుకెళ్ళినవన్నీ మనతోనే కిందికి రావాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచి, ఉప్పు అంటిన ప్లాస్టిక్ సంచిని తిన్న ఆవు, జింక ఏమవుతాయో మనకు తెలియనిది కాదు.

శ్రోతలారా, చెప్పినదంతా మళ్ళీ నాలుగు మాటల్లో చెబుతాను. తడి తిండి మొదటి పూటకే, అదీ పొద్దున వండి చల్లార్చినదే. తరవాతి పూటలకు పొడి తిండి, పూటకొక పొట్లం, ఎవరిది వాళ్ళ దగ్గర. నీళ్ళతోపాటు ఉప్పు. తిరిగి వచ్చేదాకా విప్పని మూట ఒకటి.

ఆ పిల్లల్లో కొందరికి ఇప్పుడు పిల్లలున్నారు. ఆ రోజు నా వీపు మీద దిగినవాడు ఈమధ్య ఒక పెళ్ళిలో కనిపించాడు. పోయిన చలికాలం తన కొడుకుని మహేంద్రగిరికి తీసుకెళ్ళాడట. "అన్నం కట్టుకెళ్ళావా?" అని అడిగాను. నవ్వి, "లేదు మాస్టారూ, మూట కట్టుకెళ్ళాను" అన్నాడు.